మంచి పంది దొరికితే చాలునా?

"ఈ దేశం బాగుపడాలంటే ఓ డిక్టేటర్ రావాలండీ!"

శనివారం రాత్రి విందుల్లో ఈ మాట వినని ప్రవాస తెలుగువారు అరుదు. బిర్యానీ అయ్యాక, పిల్లలు బేస్‌మెంట్లో ఆడుకుంటూ ఉండగా, మాటలు హైదరాబాదు ట్రాఫిక్ మీదికో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో లంచాల మీదికో మళ్ళుతాయి. ఒకాయన నిట్టూరుస్తాడు. ఇంకొకాయన సింగపూర్ పేరెత్తుతాడు. అందరూ తలలూపుతారు. ఈ మాట అనేవాళ్ళు అమాయకులు కారు. ఎన్నికలున్న దేశంలో పుట్టి, ఎన్నికలున్న మరో దేశానికి వలస వచ్చి, అక్కడి పౌరసత్వం కోసం పదేళ్ళూ పదిహేనేళ్ళూ ఓపిగ్గా ఎదురు చూసేవాళ్ళు. గల్ఫుకి వెళ్ళిన మన వాళ్ళు పొట్టకూటికి వెళ్ళారు కానీ అక్కడి పాలన చూసి మురిసిపోయి వెళ్ళలేదు. నియంత ఏలుతున్నాడు కాబట్టి ఆ దేశంలో ఇల్లు కొనుక్కుంటానన్న తెలుగు ఇంజనీరు నాకింతవరకు తారసపడలేదు. నియంత కావలసింది ఎప్పుడూ మనం వదిలి వచ్చిన ఊరికే!

దీనిమీద వాదన పెట్టుకుంటే భోజనాలు చెడిపోతాయి తప్ప ఒరిగేదేమీ ఉండదు. అందుకని వాదన పక్కన పెట్టి, ఒక పని చేద్దాం. కథలోని ఒక నియంతని, అతనికి మూలమైన అసలు నియంతని పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. కథలో నియంత ఒక పంది, పేరు నెపోలియన్. అసలు మనిషి పేరు జోసెఫ్ జుగాష్విలి, లోకానికి స్టాలిన్. బొమ్మ గీసినవాడు జార్జ్ ఆర్వెల్, పుస్తకం "యానిమల్ ఫామ్". బొమ్మ ఎక్కడ అచ్చుగుద్దినట్టు కుదిరిందో, ఎక్కడ అసలు మనిషి ముందు చిన్నబోయిందో చూస్తే మన శనివారం కబుర్లకి కొంత సమాధానం దొరుకుతుంది.

ముందుగా ఆర్వెల్ గురించి రెండు మాటలు. ఆయన మన బీహారులోని మోతిహారిలో, 1903 జూన్ 25న పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. (ఎమర్జెన్సీ వచ్చింది కూడా జూన్ 25 రాత్రే, 1975లో. కాకతాళీయమే అనుకోండి, మర్చిపోలేని కాకతాళీయం.) బర్మాలో అయిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, సామ్రాజ్యవాదం అంటే రోత పుట్టి మానేశాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టుల మీద తుపాకీ పట్టి, 1937లో గొంతులోంచి తూటా దూసుకుపోయినా బతికి బయటపడ్డాడు. అక్కడ ఆయన్ని, ఆయన తోటి సైనికుల్ని వేటాడినది ఫాసిస్టులు మాత్రమే కాదు, స్టాలిన్ మాట వినే కమ్యూనిస్టులు కూడా. ఆర్వెల్ చివరిదాకా సోషలిస్టుగానే ఉన్నాడు. కాబట్టి ఇది పెట్టుబడిదారుల కోసం రాసిన కథ అని తోసిపుచ్చడానికి వీల్లేదు.

1943 నవంబరులో మొదలుపెట్టి 1944 ఫిబ్రవరికల్లా పుస్తకం పూర్తి చేశాడు. అప్పటికి స్టాలిన్ బ్రిటన్‌కి మిత్రుడు. ఎర్ర సైన్యం హిట్లర్ నడ్డి విరుస్తోంది. పుస్తకం వేసేవాడు దొరకలేదు. ఒక ప్రచురణకర్త ఒప్పుకుని, సమాచార శాఖలో ఒక పెద్దమనిషి సలహా విని వెనక్కి తగ్గాడు. ఆ సలహా ఇచ్చిన పీటర్ స్మోలెట్ సోవియట్ గూఢచారి అని తర్వాత ఎప్పటికో తేలింది! మరో ప్రచురణ సంస్థలో ఉన్న మహాకవి టి.ఎస్. ఎలియట్ 1944 జులైలో తిరస్కరిస్తూ ఉత్తరం రాశాడు. అందులో ఒక ముచ్చటైన అభ్యంతరం ఉంది. మీ కథలో పందులు మిగతా జంతువులకంటే తెలివైనవి కదా, ఫామ్ నడపడానికి అవే తగినవి కదా, అలాంటప్పుడు లోపం పందుల పాలనది కాదనీ, కాస్త ప్రజాహితం ఉన్న పందులు దొరక్కపోవడమేననీ ఎవరైనా అనవచ్చు కదా అని దాని సారాంశం.

మన శనివారం విందుల వాదన అక్షరాలా ఇదే. నియంతృత్వంలో తప్పు లేదు, మంచివాడు దొరకాలి అంతే. ఎలియట్ అంతటివాడే అన్నప్పుడు మన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులూ, కార్డియాలజిస్టులూ అనడంలో వింతేముంది?

ఇక పోలికలోకి వద్దాం. నియంత అనగానే తెలుగువాడి కళ్ళముందు నిలిచేది ఎస్.వి. రంగారావు. గద భుజాన వేసుకుని, మీసం మెలేసి, సభ దద్దరిల్లేలా నవ్వే హిరణ్యకశిపుడు. పాపం, మన సినిమా మనకి చేసిన అపకారం ఇది. గర్జించేవాడినే మనం నియంతగా గుర్తుపడతాం. ఆర్వెల్ పంది గర్జించదు. పెద్దగా మాట్లాడదు కూడా. స్నోబాల్ అనే ఇంకో పంది చక్కటి వక్త, కమిటీలు వేస్తుంది, గాలిమర కట్టి కరెంటు తెప్పిద్దామని ప్లాన్లు గీస్తుంది, చర్చల్లో గెలుస్తుంది. ఆ సమయంలో నెపోలియన్ ఏం చేస్తోంది? అప్పుడే పుట్టిన తొమ్మిది కుక్కపిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయి అటక మీద ఎవరికీ కనపడకుండా పెంచుతోంది.

స్టాలిన్ కూడా అంతే. తగ్గుస్వరం, జార్జియా యాస, చేతిలో పైపు. ట్రాట్‌స్కీ వేదికెక్కితే వేలమంది ఊగిపోయేవారు. స్టాలిన్ 1922 ఏప్రిల్లో పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అప్పట్లో అది గుమాస్తా పని కింద లెక్క. ఏ జిల్లాకి ఎవరు కార్యదర్శి, ఎవరి బదిలీ ఎక్కడికి, ఎవరి ఫైల్లో ఏముంది, ఇదీ ఆయన పని. పెద్ద పెద్ద సిద్ధాంతవేత్తలు ఆ పని తమ స్థాయికి తగదనుకున్నారు. ఆఫీసు రాజకీయాలు తెలిసిన మన పాఠకులకి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ప్రెజెంటేషన్ ఇచ్చేవాడు ఒకడు, ప్రమోషన్ లిస్టు తయారు చేసేవాడు ఇంకొకడు. 1929కల్లా ట్రాట్‌స్కీ దేశం బయట ఉన్నాడు, 1940 ఆగస్టులో మెక్సికోలో మంచు గొడ్డలి దెబ్బకి పోయాడు. కథలో ఫామ్‌లో ఏ తాళంచెవి పోయినా స్నోబాల్ పనే అన్నట్టుగా, 1936 నుంచి 1938 దాకా సాగిన మాస్కో విచారణల్లో ప్రతి కుట్రకీ మూలం ట్రాట్‌స్కీయే.

స్నోబాల్‌ని తరిమేశాక నెపోలియన్ చేసే మొదటి పని ఏమిటో చాలామందికి గుర్తుండదు. హత్యలు కాదు. ఆదివారం సమావేశాలు రద్దు! ఇకనుంచి చర్చలూ, చేతులెత్తి ఓటు వెయ్యడాలూ ఉండవు, పందుల కమిటీ అన్నీ నిర్ణయిస్తుంది, మీకు తెలియజేస్తుంది. మామూలుగా కనిపించే ఈ చిన్న పరిపాలనా సంస్కరణ తర్వాతే మిగతావన్నీ జరుగుతాయి. స్టాలిన్ పార్టీ కూడా మొదట్లో ఏటా మహాసభ జరిపేది. 18వ మహాసభ 1939లో జరిగింది. 19వది 1952లో! మధ్యలో 13 ఏళ్ళు. మాట్లాడే వేదిక మూతపడటానికి పెద్ద శబ్దమేమీ అవసరం లేదు.

తర్వాత లెక్కలు. కథలో స్క్వీలర్ అనే పంది ఆదివారం ఆదివారం చేతిలో కాగితం పట్టుకుని దిగుబడి రెండొందల శాతం పెరిగింది, మూడొందల శాతం పెరిగింది అని చదువుతూ ఉంటుంది. జంతువులకి ఆకలి వేస్తూనే ఉంటుంది కానీ అంకెలు వినబడుతుంటే కాదనలేవు. గుడ్లు అమ్మెయ్యాలన్నప్పుడు కోళ్ళు తిరగబడతాయి. వాటికి గింజలు ఆపేస్తారు. అయిదు రోజుల్లో తొమ్మిది కోళ్ళు చస్తాయి. రోగం వచ్చి పోయాయని ప్రకటిస్తారు.

ఇక్కడ బొమ్మ చిన్నబోతుంది. 1932-33లో జరిగింది తొమ్మిది కోళ్ళ సంగతి కాదు. ఉక్రెయిన్‌లో ఆ కరువుకి పోయినవారు ముప్పై అయిదు లక్షల నుంచి యాభై లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. కజకస్తాన్‌లో మరో పదిహేను లక్షల దాకా, అంటే ఆ జాతిలో మూడోవంతుకి దగ్గర దగ్గర. 1932 ఆగస్టు 7న ఒక చట్టం వచ్చింది. సమష్టి పొలంలో ధాన్యం దొంగిలిస్తే మరణశిక్ష, లేదంటే పదేళ్ళ జైలు. కోత అయిపోయిన పొలంలో పరిగె ఏరుకోవడం మన పల్లెల్లో బీదల హక్కు లాంటిది. అక్కడ పరిగె ఏరుకున్నవాళ్ళ మీద కూడా ఆ చట్టం ప్రయోగించారు. 1933 జనవరిలో ఉక్రెయిన్, కుబాన్ రైతులు ఊళ్ళు దాటి పోకుండా అడ్డుకోమని ఆదేశం వెళ్ళింది. కరువొస్తే వలస పోవడం మన పాలమూరు, రాయలసీమ జనానికి చివరి దారి. ఆ చివరి దారిని కూడా మూసేశారు. ఆ రోజుల్లో కూడా ధాన్యం ఎగుమతి ఆగలేదు.

అంకెల సంగతి ఇంకా విడ్డూరం. 1934 పార్టీ మహాసభలో స్టాలిన్ దేశ జనాభా 16 కోట్ల 80 లక్షలు అని ప్రకటించాడు. 1937 జనవరి 6న జనాభా లెక్కలు తీస్తే 16 కోట్ల 20 లక్షలే తేలారు. మూడేళ్ళలో పెరగాల్సింది పోయి, నాయకుడు చెప్పిన దానికి 60 లక్షలు తగ్గింది! అసలు కారణం నాయకుడికి తెలుసు. జనం తగ్గారని ఒప్పుకుంటే ఎందుకు తగ్గారో చెప్పాలి. అందుకని ఆ లెక్కలు రద్దు చేశారు. లెక్క తీసిన అధికారుల్ని విధ్వంసకులన్నారు, అరెస్టు చేశారు, వారిలో కొందరిని కాల్చేశారు. 1939లో మళ్ళీ లెక్కించారు. ఈసారి 17 కోట్లు అన్నారు. కథలో స్క్వీలర్ కేవలం అబద్ధపు అంకెలు చదివింది. నిజమైన అంకె రాసినవాణ్ణి చంపడం దాకా ఆర్వెల్ ఊహ పోలేదు.

మరి ఇదంతా బయటి ప్రపంచానికి తెలియలేదా? ఇది మనం, అంటే దూరంగా ఉండి దేశం గురించి మాట్లాడేవాళ్ళం, కాస్త జాగ్రత్తగా చదవాల్సిన భాగం. న్యూయార్క్ టైమ్స్‌కి మాస్కోలో వాల్టర్ డ్యురాంటీ అనే విలేకరి ఉండేవాడు. 1932లో పులిట్జర్ బహుమతి పొందినవాడు. 1933 మార్చిలో గారెత్ జోన్స్ అనే 27 ఏళ్ళ వేల్స్ కుర్రాడు, రష్యన్ భాష బాగా వచ్చినవాడు, ఉక్రెయిన్ పల్లెల్లో నడిచి తిరిగి వచ్చి, జనం ఆకలితో చస్తున్నారని లోకానికి చెప్పాడు. రెండు మూడు రోజుల్లోనే డ్యురాంటీ తన పత్రికలో, అక్కడ కొరత ఉంది కానీ కరువు చావులు లేవన్న ధోరణిలో ఖండించాడు. జనం కుర్రాణ్ణి నమ్మలేదు, బహుమతి వచ్చినవాణ్ణి నమ్మారు. జోన్స్ రెండేళ్ళ తర్వాత మంచూరియా ప్రాంతంలో బందిపోట్ల చేతిలో చనిపోయాడు. డ్యురాంటీ బహుమతిని రద్దు చెయ్యబోమని పులిట్జర్ బోర్డు 2003లో కూడా తేల్చి చెప్పింది. బెర్నార్డ్ షా అంతటివాడు 1931లో మాస్కో వెళ్ళి, విందు భోజనం చేసి, అంతా భేషుగ్గా ఉందని తిరిగొచ్చాడు. వీళ్ళెవరూ డబ్బు తీసుకుని రాశారని నేననను. వాళ్ళ దేశాల్లో మాంద్యం, నిరుద్యోగం, చేతకాని ప్రభుత్వాలు. ఎక్కడో ఒకచోట ఒక గట్టి మనిషి గట్టిగా పని చేస్తున్నాడని నమ్మాలని వాళ్ళకి ఆశ. దూరం నుంచి చూస్తే డ్యాములు కనిపిస్తాయి. శవాలు కనిపించాలంటే జోన్స్ లాగా రైలు దిగి నడవాలి. మనం ఏడాదికో రెండేళ్ళకో మూడు వారాల సెలవు మీద వెళ్ళి, ఎయిర్‌పోర్టు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఇంటికి చేరి, "అబ్బ, ఎంత మారిపోయిందో" అని తిరిగొస్తాం. మన చూపు షా చూపుకంటే ఏ పాటి మెరుగు?

బొమ్మ పూర్తిగా తప్పిన చోటు ఇంకొకటుంది. కథలో కుక్కలు చివరిదాకా క్షేమంగా ఉంటాయి. యజమానికి తోక ఊపుతూ, బలిసి బతుకుతాయి. నాలుగు పందులు చచ్చినా, ఎదురు చెప్పినందుకు చచ్చాయి. నెపోలియన్‌తో సర్దుకుపోయినవాళ్ళకి ఢోకా లేదు. అసలు స్టాలిన్ దగ్గర అలా కాదు. రహస్య పోలీసు అధిపతి యగోదాని 1938లో కాల్చేశారు. అతని స్థానంలో వచ్చిన యెజోవ్‌ని 1940లో కాల్చేశారు, స్టాలిన్ పక్కన కాలువ గట్టు మీద నిలబడ్డ ఫోటోలోంచి కూడా అతన్ని తుడిచేశారు. ఇప్పుడా ఫోటోలో అతనున్న చోట నీళ్ళు మాత్రమే కనిపిస్తాయి. బేరియా స్టాలిన్ పోయిన ఏడాదే, 1953 డిసెంబరులో, అదే దారిన పోయాడు. సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వం చందాదారులకి కొన్ని పేజీలు పంపి, బేరియా పేజీలు కత్తిరించి వాటి స్థానంలో ఇవి అతికించుకోమన్నారు. కొత్త పేజీల్లో బేరింగ్ సముద్రం గురించి విపులంగా ఉంది! 1934 మహాసభ ఎన్నుకున్న 139 మంది కేంద్ర కమిటీ సభ్యుల్లో, అభ్యర్థి సభ్యుల్లో 98 మందిని అరెస్టు చేసి కాల్చేశారని 1956లో క్రుష్చేవ్ స్వయంగా చెప్పాడు. దేశాధ్యక్షుడు కాలినిన్ భార్య ఏళ్ళ తరబడి కాన్సంట్రేషన్ క్యాంపులో ఉంది. భర్త ఆ సమయంలో అధ్యక్ష పదవిలోనే కూర్చుని ఫర్మానాల మీద సంతకాలు పెడుతూ ఉన్నాడు.

1937 జులై 30న రహస్య పోలీసుకి వచ్చిన 00447 నంబరు ఉత్తర్వు చూడండి. ఏ ప్రాంతంలో ఎంతమందిని కాల్చాలి, ఎంతమందిని క్యాంపుకి పంపాలి అని పట్టిక. మొదటి కేటాయింపు 75,950 మందిని కాల్చడానికి, 1,93,000 మందిని క్యాంపులకి పంపడానికి. టార్గెట్లతో బతికే మన వృత్తుల వాళ్ళకి తర్వాత ఏం జరిగి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ప్రాంతీయ అధికారులు టార్గెట్ దాటించి, ఇంకా పెంచమని మాస్కోకి వినతులు పెట్టుకున్నారు. 1937, 38 రెండేళ్ళలో కాల్చి చంపినవారు వాళ్ళ రికార్డుల ప్రకారమే 6,81,692 మంది.

ఇంజనీర్లకీ డాక్టర్లకీ ఏమవుతుందిలే, దేశానికి వాళ్ళు కావాలి కదా అనిపిస్తుంది. అంతరిక్ష రాకెట్ల పితామహుడు కొరల్యోవ్ 1938లో అరెస్టయి కొలీమా బంగారు గనుల్లో పళ్ళూడగొట్టుకున్నాడు. విమానాల తుపొలెవ్ ఖైదీగా ఉండి విమానం డిజైన్ చేశాడు. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన వృక్షశాస్త్రవేత్త వావిలోవ్, జనం ఆకలి తీర్చడానికి జీవితమంతా పని చేసినవాడు, 1943 జనవరిలో సరతోవ్ జైల్లో ఆకలితో కృశించి చనిపోయాడు. కథలో ఆజ్ఞలు రాత్రికి రాత్రి మార్చేసినా జంతువులు కనిపెట్టలేకపోవడానికి కారణం చాలావాటికి చదువు రాకపోవడం. సోవియట్ దేశంలో అదే కాలంలో అక్షరాస్యత శరవేగంతో పెరిగింది. చదువొచ్చినవాళ్ళే కత్తెర పట్టుకుని పేజీలు కత్తిరించారు. చదువు మనల్ని కాపాడుతుందన్న మన మధ్యతరగతి నమ్మకానికి ఇక్కడ ఆధారం దొరకదు.

అయితే ఆర్వెల్ న్యాయబుద్ధి గురించి కూడా చెప్పుకోవాలి. పుస్తకం అచ్చుకి వెళ్ళే ముందు 1945 మార్చిలో ప్రచురణకర్తకి రాసి ఒక చిన్న మార్పు చేయించాడు. గాలిమర పేలినప్పుడు నెపోలియన్‌తో సహా జంతువులన్నీ నేలకి బోర్లపడ్డాయని మొదట రాశాడు. దాన్ని నెపోలియన్ తప్ప మిగతావన్నీ అని మార్పించాడు. ఎందుకంటే 1941లో జర్మన్లు మాస్కో వాకిట్లోకి వచ్చినప్పుడు స్టాలిన్ ఊరు వదిలి పోలేదు. తనని వేటాడించిన మనిషికి కూడా దక్కాల్సిన మాట దక్కాలన్నాడు. మన రాజకీయ వ్యాసాల్లో, వాట్సాప్ యుద్ధాల్లో ఈ పాటి నిజాయితీ చూసి ఎన్నాళ్ళయిందో!

ఆ న్యాయం మనమూ పాటిద్దాం. ఫ్యాక్టరీలు కట్టిన మాట నిజం, హిట్లర్‌ని ఓడించిన మాట నిజం. ఆ యుద్ధంలో దాదాపు రెండు కోట్ల డెబ్బై లక్షల సోవియట్ ప్రజలు పోయారు. యుద్ధానికి ముందు తన సైన్యాధికారుల్ని వేల సంఖ్యలో తొలగించినదీ, చంపించినదీ, 1941 జూన్‌లో దాడి వస్తోందన్న హెచ్చరికల్ని కొట్టిపారేసినదీ ఆ గట్టి మనిషే. గట్టి మనిషి చుట్టూ చెడ్డ వార్త చెప్పేవాడు మిగలడు. గెలుపు ఖాతాలో ఆయన పేరు వేసేవాళ్ళు ఖర్చు ఖాతా కూడా ఆయన పేరునే తెరవాలి.

తెలుగువాళ్ళకి ఈ పేరుతో ఉన్న బంధుత్వం చిన్నది కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో స్టాలిన్ అని పేరు పెట్టుకున్న మనుషులున్నారు. 2006లో చిరంజీవి సినిమా ఆ పేరుతోనే వచ్చింది, అందులో స్టాలిన్ ముగ్గురికి సాయం చేసి, వాళ్ళని తలా ముగ్గురికి సాయం చెయ్యమనే సాధుపురుషుడు. పక్క రాష్ట్రంలో 2021లో ముఖ్యమంత్రి అయినాయన 1953 మార్చి 1న, అసలు స్టాలిన్ చావుకి నాలుగు రోజుల ముందు పుట్టి ఆ పేరు పెట్టించుకున్నాడు. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతుండగా 1951 ఫిబ్రవరిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్ళి ఆయన్నే కలిశారు. ఆ ఏడాది అక్టోబరులో పోరాటం విరమించారు. మన నల్లగొండ, వరంగల్ పల్లెల సంగతి క్రెమ్లిన్‌లో మాట్లాడుకున్నారన్నమాట. వెట్టిచాకిరీ మీద, దొరల గడీల మీద ప్రాణాలొడ్డినవాళ్ళని నేను ఎగతాళి చెయ్యబోను. వాళ్ళ చేతిలో ఉన్న వార్త సోవియట్ పత్రికల వార్త. మన ఇళ్ళలో ఆ నున్నటి సోవియట్ కాగితాలు పిల్లల పుస్తకాలకి అట్టలయ్యాయి. 1956 తర్వాత కూడా తెలుసుకోకూడదని కళ్ళు మూసుకున్నవాళ్ళది వేరే కథ.

ఎర్ర జెండా వాళ్ళని వేలెత్తి చూపి మిగతావాళ్ళం తప్పించుకోవడానికి లేదు. 1977 మార్చి ఎన్నికలు గుర్తు చేసుకోండి. ఇరవై ఒక్క నెలల ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాది మొత్తం ఇందిరాగాంధీని ఊడ్చేసింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. దీనికి కారణాలున్నాయి. బలవంతపు కుటుంబ నియంత్రణ దౌర్జన్యాలు ఉత్తరాది స్థాయిలో మన దగ్గర జరగలేదు, ఇరవై సూత్రాల పథకం పేరుతో బీదలకి కొంత అందింది, జనతా పార్టీకి ఇక్కడ పునాదే లేదు. బీదవాళ్ళ ఓటుని నేను తప్పు పట్టను. కానీ ఉద్యోగస్తుల మాట వేరు. రైళ్ళు టైముకి నడుస్తున్నాయి, ఆఫీసుల్లో అందరూ పదింటికి సీట్లో ఉంటున్నారు అని మురిసిపోయినవాళ్ళకి, సెన్సారైన పేపర్లో ఏం లేదో ఊహించే తెలివి ఉంది. 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరి తీసిన రోజు, ప్రాథమిక హక్కులు అటకెక్కి ఉన్న ఆ రోజుల్లో, మన చదువుకున్న ఇళ్ళలో ఎన్నిట్లో దాని గురించి మాట్లాడుకున్నారు?

కథలో బెంజమిన్ అని ఒక గాడిద ఉంది. ఫామ్‌లో పందులంత బాగా చదవగలిగినది అదే. గోడమీద ఆజ్ఞలు మారుతున్నాయని దానికి తెలుసు. చదవదగ్గదేమీ లేదని ఊరుకుంటుంది. గాలిమర వచ్చినా రాకపోయినా బతుకింతే అని దాని తత్వం. అది ఎవరికీ అపకారం చెయ్యదు. రెక్కలు ముక్కలు చేసుకున్న బాక్సర్ అనే గుర్రం దానికి ప్రాణమిత్రం. ఆ బాక్సర్‌ని ఆసుపత్రికని చెప్పి బండిలో ఎక్కించాక, బండి మీద కటికవాడి పేరు చూసి బెంజమిన్ మొదటిసారి అరుస్తుంది, గట్టిగా చదివి వినిపిస్తుంది. అప్పటికి బండి కదిలిపోయింది. బాక్సర్ని అమ్మిన డబ్బుతో పందులు విస్కీ తెప్పించుకుంటాయి.

ఈ పుస్తకం చదివినప్పుడు అందరం నెపోలియన్ ఎవరు, స్క్వీలర్ ఎవరు అని మన రాజకీయ నాయకుల్లో వెతుకుతాం. ఎవరికి వారు ఎదుటి పార్టీలో వెతుకుతారు కాబట్టి ఆ ఆట ఎప్పటికీ తెగదు. నాకు మాత్రం బెంజమిన్ ఎవరో వెంటనే తెలిసిపోతుంది. చదవడం వచ్చు, రెండు దేశాల పేపర్లు చదువుతాం, మనకి జీతం ఇచ్చేవాడు వేరే చోట ఉన్నాడు, అయినా మాట్లాడం. కారణాలు లేకపోలేదు. ఊళ్ళో అమ్మానాన్నలున్నారు, పొలం కాగితాలు ఎమ్మార్వో ఆఫీసులో ఉన్నాయి, వీసా ఉంది, ఓసీఐ కార్డు ఉంది. బెంజమిన్‌కి ఈ మాత్రం కారణాలు కూడా లేవు పాపం.

మళ్ళీ ఎలియట్ ప్రశ్న దగ్గరికి వద్దాం. మంచి పంది దొరికితే? మనవాళ్ళు చెప్పే సింగపూర్ లీ క్వాన్ యూ ప్రతిపక్షాన్ని కోర్టుల చుట్టూ తిప్పి అణిచిన మాట నిజమే అయినా, ఎన్నికలు ఆపలేదు, 1990లో ప్రధాని పదవి నుంచి తానుగా దిగాడు. ఒక నగరాన్ని ఏలాడు. అలాంటి ఒక్కడి పేరు చెప్పేవాళ్ళు కాంగోలో మొబుటూని, ఫిలిప్పీన్స్‌లో మార్కోస్‌ని, ఉగాండాలో అమీన్‌ని లెక్కలోకి తీసుకోరు. 1971 జనవరిలో అమీన్ గద్దెనెక్కినప్పుడు కంపాలా వీధుల్లో జనం సంబరాలు చేసుకున్నారు. 1972 ఆగస్టులో ఆసియా వాళ్ళంతా 90 రోజుల్లో పొమ్మన్నాడు. తరతరాల వ్యాపారాలు వదిలి మన దేశస్థులు సూట్‌కేసుతో విమానం ఎక్కారు. వలస వచ్చి స్థిరపడ్డ చదువరులు, వర్తకులు వాళ్ళు కూడా, మనలాగే. పంది మంచిదో కాదో తేలేది అది గద్దెనెక్కాక. తేలాక దింపడానికి ఆదివారం సమావేశం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నెపోలియన్ మొదట రద్దు చేసింది సరిగ్గా దాన్నే.

ఆర్వెల్ పుస్తకం 1945 ఆగస్టులో వచ్చింది. దాన్ని వెంటనే అందుకున్నవారిలో జర్మనీ శరణార్థి శిబిరాల్లో ఉన్న ఉక్రెయిన్ వాళ్ళున్నారు. కరువు చూసినవాళ్ళు, సమష్టి పొలాలు చూసినవాళ్ళు. పందులెవరో కోళ్ళెవరో వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఇహోర్ షెవ్‌చెంకో అనే యువకుడు అనువదించాడు. ఆర్వెల్ పైసా పుచ్చుకోకుండా అనుమతిచ్చి, 1947లో ప్రత్యేకంగా ముందుమాట రాసిచ్చాడు. ఆ అనువాదం ప్రతుల్లో వందల కొద్దీ శిబిరాలకి చేరకముందే జప్తయి, సోవియట్ అధికారుల చేతికి వెళ్ళిపోయాయి. జప్తు చేసి అప్పగించింది మ్యూనిక్‌లో ఉన్న అమెరికా సైనిక ప్రభుత్వం.